సమాజశాస్త్రానికి మూలపురుషులు ముగ్గురేనా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. కామ్టేతో మొదలై మార్క్స్, డర్క్‌హైమ్, వెబర్ మీదుగా పార్సన్స్ దాకా పాఠ్యపుస్తకం చూపే వరుసలో ఒకరి తరువాత మరొకరు ఎందుకు వచ్చారో మీకు బోధపడడం లేదు. మార్క్స్, డర్క్‌హైమ్, వెబర్‌లనే మూలపురుషులని ఎవరు నిర్ణయించారని, ఈ చరిత్రలో భారతదేశం ఎక్కడ ఉందని, ఎం.ఏ. మొదటి సంవత్సరంలో ఉన్న మీరు చదువు ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు. దాదాపు మూడు దశాబ్దాలు ఈ పేపరునే బోధించినవాడిగా ముందు ఒక మాట చెబుతాను. మీ ఇబ్బంది మీ అవగాహనా లోపం వల్ల కలిగినది కాదు. ఆ వరుసను తరువాతి తరాలవారు తమ అవసరాల కోసం పేర్చుకున్నారు. ఆ ఆలోచనాపరులు పుస్తకంలోని క్రమంలో ఒకరి మాటకు ఒకరు జవాబు చెప్పుకోలేదు. ప్రతి ఒక్కరి ముందూ తమ కాలం, తమ దేశం తెచ్చిపెట్టిన ఒక నిర్దిష్టమైన చిక్కు ఉంది. ఆ చిక్కును పట్టుకుంటే సిద్ధాంతం దానంతట అదే విడిపోతుంది. దాన్ని వదిలేసి నిర్వచనాలు మాత్రమే బట్టీ పడితే, పరీక్ష రాసి బయటికి రాగానే అవి మనసులోంచి జారిపోతాయి.

సమాజం గురించి ఆలోచించడం పంతొమ్మిదో శతాబ్దపు ఐరోపాలో పుట్టిన విద్య కాదు. ట్యూనిస్‌లో 1332లో పుట్టిన ఇబ్న్ ఖల్దూన్, 1377లో రాసిన ‘ముఖద్దిమా’లో, ఎడారి తెగల మధ్య ఉండే గట్టి కట్టుబాటు వారిని రాజ్యాధికారానికి ఎలా చేరుస్తుందో, నగర జీవితపు సౌఖ్యం కొన్ని తరాల్లోనే ఆ కట్టుబాటును ఎలా సడలిస్తుందో వివరించాడు. ఆ కట్టుబాటుకు ఆయన వాడిన మాట ‘అసబియ్యా’. రాజవంశాల ఉత్థాన పతనాలకు దైవేచ్ఛనో రాజుల గుణగణాలనో కాక సామాజిక కారణాలను వెతికిన గ్రంథం అది. అయితే ఐరోపాలో సమాజశాస్త్రం ఒక ప్రత్యేక విద్యగా తలెత్తినప్పుడు ఆయన రచన దానికి పునాదిగా పనిచేయలేదు. అక్కడి పునాది ఫ్రెంచి విప్లవం వేసిన ప్రశ్న. 1789 తరువాత కొద్ది సంవత్సరాల్లోనే చర్చి ఆస్తులు ప్రభుత్వపరమయ్యాయి, వృత్తి సంఘాలు రద్దయ్యాయి, రాజు శిరచ్ఛేదం జరిగింది. అంతవరకు మనుషులను కలిపి ఉంచాయని అందరూ నమ్మిన మూడు కట్లూ ఒకేసారి తెగిపోయాయి. మరి ఇంకా కలిపి ఉంచుతున్నదేమిటి? రాజ్యాన్ని ఎలా పాలించాలన్న పాత ప్రశ్నకు భిన్నంగా, రాజ్యం కంటే లోతుగా ‘సమాజం’ అనేది ఒకటి ఉందని, దానికి తనవైన నియమాలు ఉండవచ్చునని తోచడం అప్పటి నుంచి బలపడింది.

విప్లవపు సద్దు పూర్తిగా అణగని 1798లో పుట్టిన ఆగస్ట్ కామ్టే ఆ ప్రశ్నకు వారసుడు. 1817 నుంచి 1824 వరకు ఫ్రెంచి సామాజిక సంస్కరణవాది సాం సిమోన్ వద్ద కార్యదర్శిగా పనిచేసి, తరువాత గురువుతో తెగతెంపులు చేసుకున్నాడు. 1830 నుంచి 1842 వరకు ఆరు సంపుటాలుగా వెలువరించిన ప్రత్యక్షవాద (పరిశీలనకు అందే వాస్తవాల మీదే జ్ఞానం నిలవాలనే) తత్త్వశాస్త్ర గ్రంథంలో ఈ కొత్త విద్యను మొదట ‘సామాజిక భౌతికశాస్త్రం’ అని పిలిచాడు. బెల్జియం గణాంకవేత్త కెతలే అదే పేరును తన సగటు లెక్కలకు వాడుకోవడంతో, లాటిన్, గ్రీకు మాటలను అతికించి ‘సోషియాలజీ’ అన్న పేరును ప్రచారంలోకి తెచ్చాడు. దైవిక, తాత్త్విక, ప్రత్యక్ష దశలంటూ మీరు చదివే మూడు దశల సూత్రం చరిత్ర వివరణగా ఇప్పుడు నిలబడదు. కానీ దాని వెనుక ఉన్న ఆరాటం నిజమైనది. విప్లవం తెచ్చిన ప్రగతిని వదులుకోకుండా, అది చెదరగొట్టిన క్రమాన్ని తిరిగి నిలబెట్టడం ఎలాగన్నదే ఆయన చింత. బ్రెజిల్ జెండా మీద నేటికీ కనిపించే ‘క్రమం, ప్రగతి’ అన్న నినాదం ఆయన శిష్యపరంపర వేసిన ముద్రే.

కామ్టే పేరు చెప్పినచోట హారియెట్ మార్టినో పేరు చెప్పకపోవడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. ఆ ఆరు సంపుటాలను 1853లో రెండింటికి కుదించి ఇంగ్లీషులోకి తెచ్చింది ఆమె. ఆ సంక్షిప్తం ఎంత స్పష్టంగా ఉందంటే కామ్టే దాన్నే తన అనుయాయులకు సిఫారసు చేశాడు, తరువాత దాన్ని తిరిగి ఫ్రెంచిలోకి అనువదించారు. అయితే ఆమెను అనువాదకురాలిగా మాత్రమే గుర్తుంచుకోవడం పొరపాటు. చిన్నతనం నుంచే చెవుడు ఉన్న మార్టినో 1834 నుంచి 1836 వరకు అమెరికాలో తిరిగి, 1837లో ఆ సమాజంపై ఒక గ్రంథం రాసింది. మనుషులందరూ సమానులని స్వాతంత్ర్య ప్రకటనలో రాసుకున్న దేశం బానిసలతో, స్త్రీలతో ఎలా ప్రవర్తిస్తున్నదో, ఆ దేశం చెప్పుకున్న కొలబద్దతోనే కొలిచి చూపింది. మరుసటి ఏడాది, ఒక సమాజాన్ని పరిశీలించేవారు దేన్ని చూడాలి, దేన్ని అడగాలి, తమ అభిప్రాయాలను ఎలా అదుపులో పెట్టుకోవాలి అన్న విషయాలపై మరో పుస్తకం ప్రచురించింది. కామ్టే గదిలో కూర్చుని ఒక శాస్త్రానికి పేరు పెడుతున్న రోజుల్లోనే ఆమె ఆ శాస్త్రపు పని చేసి చూపింది.

కార్ల్ మార్క్స్ తనను తాను సమాజశాస్త్రవేత్తనని ఎన్నడూ చెప్పుకోలేదు. ఆయన ముందున్న చిక్కు ఫ్యాక్టరీ. 1845లో ఆయన మిత్రుడు ఎంగెల్స్ మాంచెస్టర్ కార్మికుల స్థితిగతులపై రాసిన పుస్తకం, ఆ తరువాత లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం గ్రంథాలయంలో మార్క్స్ స్వయంగా ఏళ్ల తరబడి చదివిన ఫ్యాక్టరీ తనిఖీ అధికారుల నివేదికలు, 1867లో వచ్చిన ‘పెట్టుబడి’ మొదటి సంపుటానికి రక్తమాంసాలు ఇచ్చాయి. చట్టం దృష్టిలో స్వేచ్ఛాజీవి అయిన కార్మికుడు, ఎవరూ కొరడా చూపకపోయినా, రోజూ ఉదయాన్నే ఫ్యాక్టరీ గేటు దగ్గరికి ఎందుకు వస్తాడు? అతని వద్ద అమ్ముకోవడానికి శ్రమశక్తి తప్ప మరేమీ లేని పరిస్థితి చరిత్రలో ఎలా తయారైంది? ఈ రెండు ప్రశ్నలను మనసులో ఉంచుకుని పనిదినం మీద ఉన్న అధ్యాయం చదివితే, అదనపు విలువ, అంటే కార్మికుడు తన కూలికి మించి సృష్టించి యజమానికి వదిలే విలువ, అంకెల గారడీ కాదని తెలుస్తుంది. అదే మార్క్స్ 1853లో న్యూయార్క్ డైలీ ట్రిబ్యూన్‌కు రాసిన వ్యాసాల్లో మన గ్రామాలను బయటి ప్రపంచంతో పనిలేని, మార్పులేని చిన్న లోకాలుగా వర్ణించాడు. ఆయనకు ఆధారం బ్రిటిష్ అధికారుల కాగితాలు. ఆ చిత్రం తప్పని తేల్చడానికి మన పరిశోధకులకు ఒక శతాబ్దం పట్టింది, దాని సంగతి కింద వస్తుంది.

హెర్బర్ట్ స్పెన్సర్ దగ్గర ఎక్కువసేపు ఆగను. సమాజాన్ని శరీరంతో పోల్చి, ‘బలమైనదే బతుకుతుంది’ అని మనం వాడే భావానికి మూలమైన ఇంగ్లీషు పదబంధాన్ని 1864లో సృష్టించిన ఆయన, తన కాలంలో మార్క్స్ కంటే ఎంతో ఎక్కువ ప్రసిద్ధుడు. ఇప్పుడు ఆయన్ని చదివేవారు తక్కువ. అయినా ఆయన లేకపోతే డర్క్‌హైమ్ ఎవరితో వాదిస్తున్నాడో మనకు తెలియదు. స్వప్రయోజనం చూసుకునే వ్యక్తులు కుదుర్చుకునే ఒప్పందాలే ఆధునిక సమాజాన్ని నిలబెడతాయన్నది స్పెన్సర్ మాట. ఒప్పందాన్ని గౌరవించాలన్న నియమం ఒప్పందం కంటే ముందే ఉండాలి కదా అన్నది 1893 నాటి ‘శ్రమ విభజన’ గ్రంథంలో డర్క్‌హైమ్ ప్రశ్న.

ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. ఎమిల్ డర్క్‌హైమ్ 1858లో తూర్పు ఫ్రాన్స్‌లోని ఎపినాల్‌లో ఒక యూదు మతాచార్యుని ఇంట పుట్టాడు. పన్నెండు, పదమూడేళ్ల వయసులో జర్మనీ చేతిలో దేశం ఓటమినీ, పారిస్ కమ్యూన్ అనే కార్మికుల తిరుగుబాటు పాలనను అణచివేసిన రక్తపాతాన్నీ చూసిన తరం ఆయనది. చర్చిని పాఠశాలల నుంచి తప్పించిన ఫ్రాన్స్ మూడవ గణతంత్ర ప్రభుత్వానికి, మతం మీద ఆధారపడని నీతి ఒకటి అత్యవసరమైంది. 1887లో బోర్డో విశ్వవిద్యాలయంలో చేరిన ఆయన, కాబోయే ఉపాధ్యాయులకు బోధిస్తూనే ఆ నీతికి శాస్త్రీయమైన ఆధారం వెతికాడు. అందరూ ఒకేలా ఉండడం వల్ల కలిగే కట్టును యాంత్రిక సంఘీభావమని, ఒకరి పని మరొకరికి అవసరం కావడం వల్ల కలిగే కట్టును జైవిక సంఘీభావమని అన్నాడు. ఇక్కడ చాలామంది విద్యార్థులు తికమకపడతారు, ఎందుకంటే పల్లెను యంత్రంతోను, నగరాన్ని జీవంతోను పోల్చడం మన సహజ భావనకు విరుద్ధంగా ఉంటుంది. అది యాదృచ్ఛికం కాదు. 1887లో టోనీస్ అనే జర్మన్ పండితుడు పాత సముదాయమే జీవమున్నదని, ఆధునిక సమాజం యాంత్రికమైన కూడిక అని రాశాడు. డర్క్‌హైమ్ కావాలనే ఆ పోలికను తిరగేశాడు.

‘సామాజిక వాస్తవం’ అన్న ఆయన భావనను నేను తరగతిలో పెళ్లి చదివింపులతో మొదలుపెట్టి చెప్పేవాడిని. పెళ్లికి వెళితే ఇంత చదివించాలని ఏ చట్టమూ లేదు. అయినా కవరు లేకుండా పందిట్లోకి వెళ్లడానికి కాళ్లు రావు. మనింటి పెళ్లిలో వాళ్లు ఎంత రాయించారో పాత పుస్తకం తీసి చూసుకుని మరీ వెళతాం. ఆ ఒత్తిడి మన లోపలిదే అనిపిస్తుంది కానీ మనం పుట్టకముందే ఉంది, మన తరువాతా ఉంటుంది, ధిక్కరిస్తే నొప్పిస్తుంది. వ్యక్తికి వెలుపల ఉండి వ్యక్తిని నిర్బంధించే ఇటువంటి రీతులను వస్తువుల్లా అధ్యయనం చేయాలని 1895లో డర్క్‌హైమ్ రాసినది ఇదే. ఆయన మేనల్లుడు మార్సెల్ మోస్, 1925లో వెలువడిన ‘కానుక’ వ్యాసంలో, ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం అనే మూడు బాధ్యతల గురించి రాసినది చదివినప్పుడు మన చదివింపుల పుస్తకం మీకు తప్పక గుర్తుకొస్తుంది.

1897 నాటి ‘ఆత్మహత్య’ ఆ పద్ధతికి పరీక్ష. మనిషి ఏకాంతంలో తీసుకునే నిర్ణయం అనుకునే దాని రేటు దేశాన్ని బట్టి, మతాన్ని బట్టి, కుటుంబ స్థితిని బట్టి ఏటేటా దాదాపు నిలకడగా ఎందుకుంటుంది? దాదాపు 26,000 కేసుల ప్రభుత్వ రికార్డులను వయసు, లింగం, వివాహ స్థితి, పిల్లలు అన్న అంశాల వారీగా మోస్ విడదీసి పెట్టాడు. మనిషిని సమూహంతో కలిపే కట్టు మరీ వదులైనా ప్రమాదమే, మరీ బిగుసుకున్నా ప్రమాదమే. అకస్మాత్తుగా వచ్చిపడిన సంపద కూడా, ఆశలకు హద్దు చెరిపివేయడం వల్ల, దివాలా లాగే మనిషిని నియమరాహిత్యంలోకి నెడుతుంది. ప్రభుత్వ లెక్కల్లో ఒక మరణాన్ని ఆత్మహత్యగా నమోదు చేయడమే సామాజిక నిర్ణయమని 1967లో సమాజశాస్త్రవేత్త జాక్ డగ్లస్ లేవనెత్తిన విమర్శ బలమైనది. ఆ విమర్శను కూడా కలిపి చదివితేనే ఈ గ్రంథం పూర్తవుతుంది. గ్రంథం వచ్చిన మరుసటి ఏడాదే ద్రేఫస్ వ్యవహారంలో ఫ్రాన్స్ రెండుగా చీలింది. యూదు సైనికాధికారికి జరిగిన అన్యాయాన్ని ప్రశ్నించేవారు దేశాన్ని బలహీనపరుస్తున్నారన్న ఆరోపణకు డర్క్‌హైమ్ జవాబు రాశాడు. ఆధునిక సమాజంలో అందరికీ ఉమ్మడిగా మిగిలిన పవిత్ర వస్తువు మనిషే కాబట్టి, ఒక వ్యక్తి హక్కును కాలరాయడమే సమాజాన్ని విచ్ఛిన్నం చేయడమని అందులో వాదించాడు. ఆయన కుమారుడు ఆంద్రే మొదటి ప్రపంచ యుద్ధంలో 1915లో మరణించాడు, ఆ దుఃఖం నుంచి కోలుకోకుండానే 1917లో డర్క్‌హైమ్ కూడా మరణించాడు.

మాక్స్ వెబర్ దాదాపు ఆయన సమకాలికుడే అయినా, వారి రచనల్లో ఒకరి సిద్ధాంతాన్ని ఒకరు చర్చించిన దాఖలా లేదనే చెప్పాలి. వెబర్‌కు ఎదురైన చిక్కు వేరు. 1892లో తూర్పు జర్మనీ వ్యవసాయ కూలీలపై జరిగిన పెద్ద సర్వేలో ఆయనకు కొన్ని ప్రాంతాల నివేదికలు అప్పగించారు. భూస్వామి నీడలో ఏడాదంతా పని, కొంత భద్రత ఉన్న కూలీలు కూడా ఎస్టేట్లు వదిలి వెళ్లిపోతున్నారు. దాన్ని కూలి లెక్కలతో మాత్రమే వివరించలేమని, యజమాని పెత్తనం నుంచి బయటపడాలన్న కోరిక వారిని కదిలిస్తున్నదని ఆయన గ్రహించాడు. మనిషి చేసే పనికి ఆ మనిషి ఇచ్చుకునే అర్థమేమిటో తెలుసుకోకుండా ఆ పనిని వివరించలేమన్న ఆయన పద్ధతికి బీజం అక్కడ కనిపిస్తుంది. 1904, 1905లలో వచ్చిన ‘ప్రొటెస్టెంట్ నీతి’ని, మతమే పెట్టుబడిదారీ విధానాన్ని పుట్టించిందన్న ఒక్క వాక్యానికి కుదించడం అన్యాయం. ఎవరికి మోక్షమో దేవుడు ముందే నిర్ణయించాడని నమ్ముతూ, తాను వారిలో ఉన్నాడో లేడో తెలియని కాల్వినిస్టు (ప్రొటెస్టెంట్‌లలో ఒక శాఖ) విశ్వాసి, పనిలో నిరంతర క్రమశిక్షణలో ఆ సంకేతాన్ని వెతుక్కున్నాడని, లాభాన్ని అనుభవించకుండా తిరిగి వ్యాపారంలోనే పెట్టాడని వెబర్ చెబుతాడు. విశ్వాసం ఆరిపోయాక కూడా ఆ క్రమశిక్షణ మిగిలిపోయి అందరినీ బంధిస్తున్నది. దాన్ని మనం ‘ఇనుప పంజరం’ అంటాం, అది 1930లో అమెరికన్ సమాజశాస్త్రవేత్త పార్సన్స్ చేసిన ఇంగ్లీషు అనువాదం నుంచి వచ్చిన మాట. జర్మన్ మూలంలోని మాటకు ‘ఉక్కులా గట్టిపడిన పెంకు’ అన్న అర్థం దగ్గరగా ఉంటుంది. తలుపు తెరిస్తే పంజరంలోని ప్రాణి బయటికి వస్తుంది. నత్త తన పెంకులోంచి బయటికి వచ్చి బతకలేదు. రెండింటికీ ఉన్న తేడా చిన్నది కాదు.

1904లోనే వెబర్ సెయింట్ లూయిస్‌లో జరిగిన మహాసభకు అమెరికా వెళ్లి, అక్కడ నల్లజాతి సమాజశాస్త్రవేత్త డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్‌ను కలిశాడు. ఆయనతో రాయించిన వ్యాసాన్ని 1906లో తన పత్రికలో అచ్చువేశాడు. డుబాయిస్ అప్పటికే, 1899లో, ఫిలడెల్ఫియా నగరంలోని ఏడవ వార్డులో ఇంటింటికీ స్వయంగా తిరిగి సేకరించిన వివరాలతో నల్లజాతీయుల జీవితంపై బృహత్ గ్రంథం ప్రచురించాడు. పేదరికం, నేరం ఒక జాతి స్వభావంలో ఉన్నాయన్న నాటి నమ్మకాన్ని అద్దెలు, కూలి, ఉద్యోగాల్లో వివక్ష లెక్కలతో ఖండించాడు. షికాగో విశ్వవిద్యాలయం నగర అధ్యయనాలకు పేరుపొందడానికి ఎన్నో ఏళ్ల ముందు జరిగిన పని ఇది. అయినా సమాజశాస్త్ర చరిత్రల్లో చాలాకాలం ఆయనకు చోటు లేదు. 2015లో ఆల్డన్ మోరిస్ రాసిన పుస్తకం ఆ నిరాకరణ ఎలా జరిగిందో వివరంగా చూపింది. వెబర్ కోరి వ్యాసం రాయించుకున్న మనిషిని, వెబర్‌ను పూజించిన విభాగాలు పట్టించుకోకపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ఇక ముగ్గురు మూలపురుషుల సంగతి. 1937లో హార్వర్డ్‌కు చెందిన టాల్కాట్ పార్సన్స్ తన పెద్ద గ్రంథంలో నలుగురిని ఎంచుకున్నాడు: మార్షల్, పరేతో, డర్క్‌హైమ్, వెబర్. అందులో మార్క్స్‌కు ఆ స్థాయి లేదు. పార్సన్స్ వ్యవస్థలో సంఘర్షణకు, అధికారానికి చోటు లేదని 1959లో మరో అమెరికన్ సమాజశాస్త్రవేత్త సి. రైట్ మిల్స్ తీవ్రంగా విమర్శించాడు. ఒక మనిషి ఉద్యోగం పోతే అది అతని సొంత కష్టం, లక్షలమంది ఉద్యోగాలు పోతే అది సమాజం ముందున్న సమస్య అన్న మిల్స్ విభజన విద్యార్థికి ఏ పెద్ద సిద్ధాంతం కంటే ముందు తెలియవలసినది. 1960లలో వియత్నాం యుద్ధం, పౌరహక్కుల ఉద్యమం, విద్యార్థి ఉద్యమాలు మార్క్స్‌ను తరగతి గదిలోకి తెచ్చాయి. 1971లో ఆంథొనీ గిడెన్స్ మార్క్స్, డర్క్‌హైమ్, వెబర్‌లను ఒకే పుస్తకంలో పక్కపక్కన నిలిపాడు. మీ సిలబస్‌లో ఉన్న త్రయం ఆ రోజుల్లో స్థిరపడినది. 1997లో ఆర్.డబ్ల్యూ. కానెల్, ఈ విద్య తొలి తరాలవారు నిజానికి వలస ప్రపంచం నలుమూలల నుంచి సమాచారం పోగుచేసి ‘ఆదిమ’, ‘నాగరిక’ సమాజాలను పోల్చే పనిలో ఉన్నారని, ఆ వలస నేపథ్యాన్ని మూలపురుషుల కథ కప్పివేసిందని చూపింది. ఆ మాట మనకు నేరుగా తగులుతుంది.

ఎందుకంటే మన సమాజం గురించిన తొలి ‘శాస్త్రీయ’ సమాచారంలో చాలా భాగం పాలకుల అవసరాల కోసం తయారైనది. 1901 జనగణనకు కమిషనర్ అయిన రిస్లీ ముక్కు కొలతలతో కులాల పుట్టుక చెప్పబోయాడు. దానికి దీటైన జవాబు 1916 మేలో న్యూయార్క్‌లో, కొలంబియా విశ్వవిద్యాలయ సెమినార్‌లో, పాతికేళ్ల విద్యార్థి బి.ఆర్. అంబేడ్కర్ చదివిన పత్రం. కులంపై అప్పటికి రాసిన సెనార్, నెస్‌ఫీల్డ్, రిస్లీ, కేత్కర్‌ల నిర్వచనాలను ఒక్కొక్కటిగా పరిశీలించి, కులానికి ప్రాణం అంతర్వివాహంలో ఉందని ఆయన తేల్చాడు. ఆ తరువాతి అడుగు నన్ను ప్రతిసారీ ఆశ్చర్యపరుస్తుంది. సమూహం లోపలే పెళ్లిళ్లు జరగాలంటే స్త్రీ పురుషుల సంఖ్య సరితూగాలి. భర్త చనిపోతే ఒక స్త్రీ, భార్య చనిపోతే ఒక పురుషుడు ‘మిగిలిపోతారు’. మిగిలిన స్త్రీకి సతి లేదా బలవంతపు వైధవ్యం, మిగిలిన పురుషుడికి బ్రహ్మచర్యం లేదా ఇంకా పెళ్లీడు రాని బాలికతో పెళ్లి. సంఘసంస్కర్తలు విడివిడి దురాచారాలుగా చూసినవాటిని ఆయన ఒకే యంత్రంలోని భాగాలుగా చూపాడు. ఈ పద్ధతి ఇతర సమూహాలకు ఎలా వ్యాపించిందో చెప్పడానికి ఫ్రెంచి పండితుడు గాబ్రియేల్ తార్ద్ చెప్పిన అనుకరణ సూత్రాలను అంబేడ్కర్ వాడుకున్నాడు. 1952లో ఎం.ఎన్. శ్రీనివాస్ కూర్గులపై గ్రంథంలో ప్రతిపాదించిన ‘సంస్కృతీకరణ’ను, అంటే కింది కులాలు పై కులాల ఆచారాలను అనుసరించి హోదా పెంచుకోజూడడాన్ని, చదివేటప్పుడు ఈ పత్రాన్ని పక్కన పెట్టుకోండి.

విభాగాల చరిత్ర క్లుప్తంగానే చాలు. 1919లో బొంబాయి విశ్వవిద్యాలయంలో పాట్రిక్ గెడ్డెస్ ఆధ్వర్యంలో సమాజశాస్త్ర విభాగం మొదలైంది, 1924లో జి.ఎస్. ఘుర్యే దాని బాధ్యత తీసుకున్నాడు, 1951లో ఇండియన్ సోషియలాజికల్ సొసైటీ ఏర్పడింది. తెలుగువారికి ప్రత్యేకంగా చెప్పవలసింది శామీర్‌పేట. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఉన్న ఎస్.సి. దూబే, హైదరాబాదుకు చేరువలోని ఆ ఊరిని 1951–52లో వివిధ విభాగాల వారితో కలిసి అధ్యయనం చేసి, 1955లో పుస్తకంగా తెచ్చాడు. దూబే, శ్రీనివాస్, వారి తరం పరిశోధకుల క్షేత్ర పరిశోధనలు కలిపి చూస్తే, పెళ్లి సంబంధాలు, సంతలు, తీర్థయాత్రలు, పన్నులు ప్రతి గ్రామాన్నీ బయటి ప్రపంచంతో ముడివేశాయని రుజువైంది. 1853లో మార్క్స్ నమ్మిన ఒంటరి గ్రామం ఆ విధంగా కాగితాల్లోనే మిగిలిపోయింది.

చదవడం ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు కాబట్టి నా సలహా ఇది. కామ్టేతో మొదలుపెట్టకండి. ముందు అంబేడ్కర్ 1916 పత్రం చదవండి, ఒక రోజు చాలు. అందులో తార్ద్ పేరు వచ్చినచోట ఆగి, సమాజం అనుకరణతో నడుస్తుందన్న ఆయనతో డర్క్‌హైమ్ ఎందుకు విభేదించాడో తెలుసుకుని, ‘ఆత్మహత్య’లోని నియమరాహిత్యపు అధ్యాయానికి వెళ్లండి. తరువాత ‘పెట్టుబడి’లో పనిదినం అధ్యాయం, ‘ప్రొటెస్టెంట్ నీతి’ చివరి పేజీలు, దూబే గ్రామం. ప్రతి రచన దగ్గరా మీ నోటు పుస్తకంలో నిర్వచనం రాసుకునే ముందు, ఆ రచయితకు నిద్రపట్టనివ్వని ప్రశ్న ఏదై ఉంటుందో ఒక్క వాక్యంలో మీ మాటల్లో రాయండి. ఆ వాక్యాలు రాసి పంపితే, ఒక్కొక్కదాని మీద తీరికగా నా అభిప్రాయం చెబుతాను.